నీరు కదలకపోతే గ్యాస్ ఆకు దాకా రాదు

ఏప్రిల్ దాటితే విశాఖలో మొక్కల అక్వేరియం ఉన్న ఇళ్లలో తరచూ వినబడే ఫిర్యాదు ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నారు, లైటు మంచిదే, నీటిలో గ్యాస్ సరిపడా ఉందో లేదో రంగుతో చూపే డ్రాప్ చెకర్ కూడా ఆకుపచ్చగానే ఉంది. అయినా ఆకుల అంచుల్లో నల్లటి గడ్డంలా నాచు పట్టేస్తుంది. తప్పు లైటుదేమో, ఎరువుదేమో అని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోతారు. మొక్కలు ఇంకా నీరసిస్తాయి, నాచు మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటి తొట్లలో చాలావాటికి గ్యాస్ కొరత లేదు. ఇచ్చిన గ్యాస్ ప్రతి ఆకుకీ, ప్రతిరోజూ ఒకే సమయానికి చేరడం లేదు, అంతే.

కార్బన్ డయాక్సైడ్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో దాని వేగం సుమారు 10,000 రెట్లు తక్కువ. పైగా నీటిలోని ప్రతి ఆకును అంటిపెట్టుకుని కదలిక లేని నీటి పొర ఒకటి ఉంటుంది. నిలవ నీటిలో అది అర మిల్లీమీటరు మందం దాకా పెరుగుతుంది. వినడానికి చిన్నదే, కానీ గ్యాస్ అణువు ఆ అర మిల్లీమీటరు దాటడానికి నిమిషం పైనే పడుతుంది. చుట్టూ నీరు పారి ఆ పొర అయిదో వంతుకు పలచబడితే, అంతే గ్యాస్ ఉన్న నీటి నుంచి ఆకుకి అయిదు రెట్లు ఎక్కువ అందుతుంది. సిలిండర్ వాల్వు తిప్పకుండానే వచ్చే లాభం ఇది.

విశాఖ వేడి ఈ లెక్కను మరింత బిగిస్తుంది. ఏ గ్యాసూ కలపని నీటిలో, 30 డిగ్రీల దగ్గర, గాలి నుంచి కరిగే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే. మొక్కల తొట్టిలో మనం కోరేది 20 నుంచి 30 మిల్లీగ్రాములు. నీరు వేడెక్కేకొద్దీ గ్యాస్ తక్కువ కరుగుతుంది, త్వరగా పైకి పోతుంది. అదే సమయంలో మొక్క శ్వాసక్రియ పెరుగుతుంది. కార్బన్‌ను పట్టుకోవాల్సిన రుబిస్కో అనే ఎంజైము వేడిలో పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకోవడమూ ఎక్కువవుతుంది. మొక్కకు అవసరం పెరిగిన రోజుల్లోనే సరఫరా తగ్గుతుందన్నమాట. చేపల సంగతీ ఇంతే: 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 32 డిగ్రీల్లో 7.3 మాత్రమే పడుతుంది.

కాబట్టి మొదట కొలవాల్సింది ప్రవాహం. ఫిల్టరు పెట్టె మీద గంటకు 800 లీటర్లని రాసి ఉంటే దాన్ని నమ్మకండి. అది లోపల స్పాంజి, సిరామిక్ ఏవీ లేకుండా, పైకి ఎత్తే పని లేకుండా కొలిచిన అంకె. నీరు తిరిగొచ్చే పైపును, తొట్టిలో అది ఉండే ఎత్తులోనే, లీటరు జగ్గులోకి పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 9 సెకన్లు పట్టిందంటే 400 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో మట్టి, రాళ్లు పోగా సుమారు 45 లీటర్ల నీరు ఉంటుంది. అసలు ప్రవాహం దానికి 6 నుంచి 8 రెట్లుంటే, అంటే గంటకు 270 నుంచి 360 లీటర్లుంటే చాలు. నెల తర్వాత మళ్లీ కొలవండి. 9 సెకన్లు 14 అయ్యిందంటే స్పాంజి పూడుకుంది. దాన్ని తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండి కడగాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ తగిలితే స్పాంజిలో పెరిగిన మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఎంత నీరు తిరుగుతోంది అన్నదాని కంటే ఎటు తిరుగుతోంది అన్నది ముఖ్యం. నీరు వచ్చే పైపు, పోయే పైపు రెండూ తొట్టికి ఒకే పక్కన ఉండాలి. నీరు పై భాగంలో ఎదురు గాజు దాకా వెళ్లి, దాన్ని తాకి కిందికి దిగి, నేల వెంబడి మొక్కల మధ్యగా వెనక్కి రావాలి. ఒక మూల వచ్చే పైపు, ఎదురు మూల పోయే పైపు పెడితే నీరు అడ్డదారిన వెళ్లిపోతుంది. వెనక ఒత్తుగా పెరిగిన కాండాల గుంపులోకి గాలి చొరబడని గదిలా నీరు చొరబడదు. ప్రవాహం సరిగ్గా ఉందో లేదో చూడటానికి చిటికెడు చేపల మేతను పొడి చేసి, తడిపి, నీరు వచ్చే చోట వదలండి. రేణువులు ఎక్కడ ఆగిపోయి కింద పడుతున్నాయో అదే మృత మూల. నాచు కూడా అక్కడే మొదలవుతుంది. మందు వేసే ముందు అక్కడి కాండాలను మూడో వంతు కత్తిరించి చూడండి, సగం సమస్య తగ్గుతుంది.

డ్రాప్ చెకర్‌ను అందరూ డిఫ్యూజరు దగ్గరే, అంటే గ్యాస్‌ను సన్నని బుడగలుగా నీటిలోకి వదిలే పరికరం దగ్గరే తగిలిస్తారు. అక్కడ అది ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది. దాన్ని డిఫ్యూజరుకు అన్నిటికంటే దూరంగా, నేలకు దగ్గరగా పెట్టండి. రెండ్రోజులకోసారి చోటు మార్చండి. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది కాబట్టి లైటు వెలిగిన వెంటనే చూసి నిర్ణయానికి రావద్దు. అందులో పోసే ద్రావణం 4 డిగ్రీల కేహెచ్ (నీటిలోని కార్బనేట్ కాఠిన్యం; ఈ డిగ్రీలు వేడివి కావు) ఉన్నది కావాలి, తొట్టి నీరు పోస్తే అంకె తప్పుతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు: లీటరు డిస్టిల్డ్ నీటిలో 1.2 గ్రాముల వంట సోడా కరిగించండి, ఇది 40 డిగ్రీలు. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మరో 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో కలిపితే 4 డిగ్రీలు. దానికి రంగు మారి చూపే బ్రోమోథైమాల్ బ్లూ రెండు మూడు చుక్కలు. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే సుమారు 30 మిల్లీగ్రాములు, పసుపు అంటే చేపలకు ప్రమాదం.

పీహెచ్, కేహెచ్‌ల పట్టిక చూసి గ్యాస్ లెక్క కట్టేవాళ్లూ ఉన్నారు. కేహెచ్ 4, పీహెచ్ 6.6 అయితే 30 మిల్లీగ్రాములు. సూత్రం సరైనదే, కానీ నీటిలో వేరే ఆమ్లాలు లేనప్పుడే పనిచేస్తుంది. విశాఖ వీధుల్లో రాలే బాదం ఆకులు ఏరి తొట్టిలో వేసే అలవాటు చాలామందికి ఉంది. చేపలకు మంచిదే, కానీ అందులోని టానిన్లు పీహెచ్‌ను కిందికి లాగుతాయి. పట్టిక దాన్నంతా గ్యాస్ ఖాతాలో రాసేస్తుంది. బీచ్ ఇసుక, గవ్వలు వేసిన తొట్టి సంగతి వేరు. గవ్వల్లోని సున్నం కరిగి కేహెచ్‌ను రోజురోజుకీ పెంచుతుంటుంది.

ఇక సిలిండర్. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. 25 డిగ్రీల్లో లోపలి పీడనం 64 బార్, 30 డిగ్రీల్లో 72. ద్రవం ఉన్నంతసేపూ అది తగ్గదు, కాబట్టి పీడనం చూపే మీటరు ఎంత మిగిలిందో చెప్పలేదు. 31.1 డిగ్రీలు దాటితే ఇంకో చిక్కు: కార్బన్ డయాక్సైడ్‌కు అది క్రిటికల్ ఉష్ణోగ్రత. ఆపైన ద్రవం, వాయువు అన్న తేడా ఉండదు, నిండు సిలిండర్‌లో పీడనం వేగంగా ఎక్కుతుంది. మే నెల మధ్యాహ్నం బాల్కనీలో ఆ వేడి మామూలే. సిలిండర్‌ను ఇంట్లో నీడలో, నిలబెట్టి, గోడకు కట్టి ఉంచాలి. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటరులోకి వస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయండి, మెడ దగ్గర ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. చవక సింగిల్ స్టేజి రెగ్యులేటర్లలో గ్యాస్ అయిపోవచ్చే రోజు బయటి పీడనం ఒక్కసారిగా పెరిగి, మిగిలినదంతా తొట్టిలోకి పోతుంది. చేపలు తెల్లారేసరికి తేలిపోవడానికి ఇదొక కారణం. ఖాళీ బరువుకు 100 గ్రాముల పైన ఉండగానే మార్చేయడం మంచిది.

రెండు కిలోల సిలిండర్ ఒకేసారి కారితే సుమారు 1,100 లీటర్ల గ్యాస్ అవుతుంది. తలుపులు మూసి ఏసీ వేసుకున్న పన్నెండడుగుల పడకగదిలో అది గాలిలో 3 శాతం దాకా చేరుతుంది. తలనొప్పి, ఆయాసం తెప్పించడానికి అది చాలు. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూడాలి. సముద్రం గాలికి ఇత్తడి భాగాలు, సోలనాయిడ్ (గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే వాల్వు) పిన్నులు తుప్పు పట్టే ఊరిది, ఏడాదికోసారి వాటిని విప్పి చూసుకోవడం వృథా కాదు. గ్యాస్ గొట్టంగా మామూలు సిలికాన్ ట్యూబు వద్దు. దాని గోడల్లోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పాలియురెథేన్ ట్యూబు వాడండి.

సిలిండర్ ఖర్చు వద్దనుకునేవాళ్లకు నిమ్మ ఉప్పు, వంట సోడా ఉన్నాయి. 200 గ్రాముల సోడాకు సుమారు 150 గ్రాముల నిమ్మ ఉప్పు సరిపోతుంది, మొత్తం 105 గ్రాముల దాకా గ్యాస్ వస్తుంది. పంచదార, ఈస్ట్ సీసాను మాత్రం ఈ ఊరికి నేను సిఫారసు చేయను. ఉక్క రోజుల్లో ఈస్ట్ రెచ్చిపోయి నాలుగు రోజులు ఎక్కువ, తర్వాత తక్కువ ఇస్తుంది. ఆ హెచ్చుతగ్గులే నాచుకు కావాల్సింది.

నల్ల గడ్డం నాచు ఎర్ర నాచుల వర్గానికి చెందినది. ఆల్కహాల్‌లో వేస్తే ఎర్రబడుతుంది. కార్బన్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే మొక్క సర్దుకోలేక పాత ఆకులను వదిలేస్తుంది. ఆ నీరసించిన ఆకుల మీద ఇది స్థిరపడుతుంది. ఫిల్టరు మూతి దగ్గర కూడా పెరుగుతుంది కాబట్టి ప్రవాహమే దీనికి కారణమని కొందరు పైపు మూతి తగ్గించేస్తారు. అది తిరగేసిన వైద్యం. గ్యాస్ హెచ్చుతగ్గులకు మన ఊళ్లో అసలు కారణం చాలాసార్లు టైమరు. ముల్లు తిరిగే మెకానికల్ టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. గ్యాస్ టైమరు మామూలు సాకెట్లో, లైటు టైమరు ఇన్వర్టరు మీద ఉంటే, రెండు గంటల కోత తర్వాత గ్యాస్ రెండు గంటలు వెనకబడుతుంది. లైటు కంటే గంటన్నర ముందు రావాల్సిన గ్యాస్ అరగంట వెనక వస్తుంది, ఎవరూ గమనించరు. రెండింటినీ ఒకే సాకెట్ మీద పెట్టండి, బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. ఫిల్టరును ఇన్వర్టరు మీద ఉంచండి, అది తినేది పది పదిహేను వాట్లే. సోలనాయిడ్‌ను మాత్రం ఇన్వర్టరుకు కలపవద్దు. ఫిల్టరు ఆగి గ్యాస్ వస్తూనే ఉంటే తొట్టి విషమవుతుంది.

మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టరు నాలుగైదు గంటలు ఆగితే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీరు తొట్టిలోకి పడకుండా, ముందు దాన్ని బకెట్లోకి పారబోసి అప్పుడు కలపండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను సీజన్ వచ్చేలోపు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండటం అవసరం.

ఆకు మీద అప్పటికే పట్టిన గడ్డం నాచుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. ఫిల్టరు ఆపి, సిరంజితో మెల్లగా నాచు మీద వదిలి, పది నిమిషాలు ఆగి ఫిల్టరు వేయాలి. 3 శాతం ద్రావణమైతే తొట్టిలోని ప్రతి లీటరు నీటికి అర మిల్లీలీటరు మించవద్దు. ఇక్కడ జాగ్రత్త: మన మందుల షాపుల్లో దొరికే సీసా ఎక్కువగా 6 శాతం. లేబుల్ చూసి మోతాదు సగం చేయండి. రొయ్యలున్న తొట్టిలో ఇంకా తగ్గించాలి. రెండు మూడు రోజుల్లో నాచు గులాబీ రంగుకు, తర్వాత తెలుపుకు తిరుగుతుంది.

అన్ని నాచులూ ఒకటి కాదు. కొత్త తొట్టిలో మొదటి నెల వచ్చే గోధుమ రంగు డయాటమ్‌లు వాటంతటవే పోతాయి, తుడిచేస్తే చాలు. గాజు మీద, అనూబియాస్ ఆకు మీద గట్టి ఆకుపచ్చ చుక్కలు ఫాస్ఫేట్ తక్కువైందని చెబుతాయి. నేల మీద చాపలా పరుచుకుని వాసన కొట్టే నీలి ఆకుపచ్చ పొర అసలు నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. నిలవ నీరు, నైట్రేట్ లేమి దానికి ఇష్టం. మూడు నాలుగు రోజులు తొట్టిని పూర్తిగా చీకటి చేసి, ఎయిర్ పంపు ఆపకుండా నడిపితే చాలాభాగం పోతుంది. చీకట్లో మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు కాబట్టి పంపు తప్పనిసరి.

ఎరువు మానేస్తే నాచు ఎండిపోతుందన్న నమ్మకం మంచిది కాదు, ముందు ఎండేది మొక్కే. ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45 పొటాషియం నైట్రేటే. 45 లీటర్లకు 1 గ్రాము వేస్తే నైట్రేట్ లీటరుకు సుమారు 13 మిల్లీగ్రాములు పెరుగుతుంది. 0-52-34 అయితే 0.1 గ్రాముతో ఫాస్ఫేట్ ఒకటిన్నర మిల్లీగ్రాము. 19-19-19 మాత్రం వద్దు. అందులో యూరియా, అమ్మోనియం ఉంటాయి, నీళ్లు ఆకుపచ్చ రసంలా తయారవుతాయి. వారానికి సగం నీరు మార్చుతుంటే ఎరువు పేరుకుపోదు.

వేడి తగ్గించడానికి నీటి పైన చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అంతకు మించి ఆశించవద్దు. తీరం గాలిలో తేమ ఎక్కువ, ఆవిరి అయ్యే వీలు తక్కువ. ఆవిరైన నీటికి బదులు బోరు నీరు పోస్తూపోతే లవణాలు పేరుకుని కేహెచ్ ఎక్కుతుంది, ఆర్వో నీరు పోయండి. ఏసీ నుంచి కారే నీరు ఉచితమే కానీ రాగి గొట్టాల మీదుగా వస్తుంది, రొయ్యలకు ప్రాణాంతకం కావచ్చు. ఈ వేడిని ఓర్చుకునే మొక్కలే ఎంచుకుంటే సగం బాధ ఉండదు: వాలిస్నేరియా, హైడ్రిల్లా బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలవు, గ్యాస్ లేకపోయినా బతుకుతాయి. రొటాలా, నీటిలో పెరిగే మాస్ మొక్కలు అలా చేయలేవు.

కత్తిరించిన కొమ్మలను ఏ గెడ్డలోనూ, ముడసర్లోవ లాంటి చెరువులోనూ వేయవద్దు. గుర్రపు డెక్క అలా వచ్చినదే. పెద్దదైపోయిన సక్కర్ చేపనూ వదలవద్దు, ఆంధ్ర చెరువుల్లో అది ఇప్పటికే పెద్ద తలనొప్పి. కొమ్మలను డాబా మీద ఎండబెట్టి కుండీల్లో వేయండి, చేపను దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.