సంఘం పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు

మిర్చి సీజన్‌లో గుంటూరు శివారు పేటల్లో కొన్ని సంఘాలకు ఆదివారం ఆరాధన తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దెక్కేసరికి ఆడవాళ్లు తొడిమలు తీయడానికి వెళ్లిపోవాలి. కిలోల లెక్కన కూలి కాబట్టి ఎంత ముందు కూర్చుంటే అంత. నేను వెళ్లిన రేకుల షెడ్డులో నాలుగు చాపలు, ఒక సౌండ్ బాక్సు, గోడకు వాక్యం ఉన్న క్యాలెండర్. పాట ఎత్తుకున్నాక మధ్యమధ్యలో ఒకరి తర్వాత ఒకరికి దగ్గు. చీరలకు పట్టిన కారం ఘాటు ఉతికినా పోదట. గుమ్మం పక్కన ఒక స్టీలు డబ్బా. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసి, వారం చివర తెచ్చి అందులో పోస్తారు. పాస్టర్ గారింట్లో పొయ్యి వెలిగేది చాలావరకు ఆ బియ్యంతోనే.

ఆరాధన అయ్యాక ఒకావిడ కొడుకు కాలేజీ కాగితాలు చూసిపెట్టమని ప్లాస్టిక్ కవరు తెచ్చింది. పైన రేషన్ కార్డు, ఆధార్, ఎస్సీ సర్టిఫికెట్. అన్నిటికీ అడుగున, నాలుగు మడతలు పెట్టిన బాప్తిస్మం కాగితం. ఆధార్‌లో ఆవిడది ఊరి అమ్మవారి పేరు, బాప్తిస్మం కాగితంలో బైబిల్లోని ఒక రాణి పేరు. "అది పైకి తీయను బ్రదర్, పిల్లోడి సీటు పోద్ది" అంది, పాలగిన్నె కింద మంట తగ్గించినంత మామూలుగా.

2025 ఏప్రిల్ చివర్లో రాష్ట్ర హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇలాంటి కవర్లను ఇంకాస్త లోపలికి తోసింది. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని ఒక పాస్టర్, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీ హోదా కోల్పోతారని, చేతిలో సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ చట్టం వర్తించదని చెప్పి కోర్టు కేసు కొట్టేసింది. తీర్పు కొత్తదే గానీ, దాని వెనకున్న ముడి చాలా పాతది.

1842 జులై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే లూథరన్ పాదిరి గుంటూరులో దిగాడు. అప్పటికి నందన కరువు వచ్చిపోయి పదేళ్లే అయింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిపోయిన జిల్లా ఇది. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. హయ్యర్ వచ్చీరాగానే బడులు పెట్టాడు, తర్వాత పల్నాటి వైపు గురజాల దాకా వెళ్లాడు. 1857లో తిరిగి వెళ్లిపోయినవాడు 1869లో, డెబ్బై అయిదు దాటిన వయసులో, మళ్లీ వచ్చాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

జనం గుంపులుగా చేరింది మాత్రం తర్వాత, మాలపల్లెల్లోంచి, మాదిగపల్లెల్లోంచి. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తిండి కోసం మతం మారారనే మాట అప్పుడే పుట్టింది, ఇప్పటికీ చావలేదు. ఆ మాట అనేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు: కరువు పని నడిచినన్నాళ్లూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

మిషన్లు కులాన్ని దాటాయని చెప్పడం కూడా కష్టమే. స్థూలంగా చూస్తే బాప్టిస్టులు ఎక్కువగా మాదిగల్లో, లూథరన్లు ఎక్కువగా మాలల్లో పనిచేశారు. ఫిరంగిపురం వైపు వెళ్తే తరతరాలుగా కథోలికులైన రెడ్లు కనిపిస్తారు. వాళ్లు బాప్తిస్మం కాగితం ఫ్రేము కట్టి గోడకు తగిలించుకున్నా పోయేదేమీ లేదు.

పట్నంలో మిషన్ పని ఇంకో దారిలో నడిచింది. 1883లో అన్నా కూగ్లర్ గుంటూరు వచ్చింది. ఆమె చదివింది వైద్యం. ఆడవాళ్లకు, పిల్లలకు ఆమె మొదలుపెట్టిన వైద్యం 1898 నాటికి ఆసుపత్రిగా నిలబడింది. ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మొదలు 1885. కథోలికుల వైపు, ఆస్ట్రేలియాలో డాక్టరు పని వదిలి వచ్చిన మేరీ గ్లోరీ అనే సిస్టర్ 1920లో గుంటూరు చేరి, ఇక్కడ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో రోగులను చూసింది. దేశంలోని కథోలిక ఆసుపత్రులను ఒక గొడుగు కిందికి తెచ్చే సంఘాన్ని 1943లో మొదలుపెట్టిందీ ఆమే. ఈ బడులు, ఆసుపత్రుల వల్ల కూలివాళ్ల పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. ఆ టీచర్ల, నర్సుల పిల్లలు బ్రాడీపేటలో ఇళ్లు కట్టుకున్నారు. పెద్ద చర్చిల్లో ముందు బెంచీలు వాళ్లవయ్యాయి. పల్లె నుంచి కొత్తగా కూలికి వచ్చినవాళ్లకు అక్కడ కూర్చోవడానికి మొహమాటం. మిషన్ పేదలను వదిలేసిందని నేను అనను. కొందరిని పైకి తెచ్చింది, వాళ్లతోపాటు తనూ పైకి వెళ్లిపోయింది.

ఈలోగా ఢిల్లీలో కాగితం మారింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లు షెడ్యూల్డు కులాల్లో ఉండరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లను వెనకబడిన తరగతుల్లోని బీసీ–సీ గ్రూపులో పెట్టారు, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15 శాతం. కన్నతల్లికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. 1977లో జీవో 341 వచ్చి చట్టంతో పనిలేని కొన్ని సంక్షేమ రాయితీలు వీళ్లకూ ఇచ్చింది. సీటు, ఉద్యోగం, ఎన్నికల్లో రిజర్వుడు స్థానం, అట్రాసిటీ చట్టం మాత్రం అందులోకి రావు.

అందుకే జనాభా లెక్కలు అలా కనిపిస్తాయి. 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4 శాతం పైచిలుకు. 2011లో, ఉమ్మడి రాష్ట్రంలోనే, 1.34 శాతం. ఆ నలభై ఏళ్లలో గుంటూరు పేటల్లో మందిరాలు తగ్గాయని ఎవరైనా అంటే సందుల్లో తిప్పి చూపిస్తాను. సెన్సస్‌లో మతం దగ్గర క్రైస్తవం అని రాస్తే ఆ మనిషిని ఎస్సీగా నమోదు చేయరు. జనం కులం గడి చూసుకుని మతం గడికి జవాబు చెప్పారు.

ఊళ్లో మాత్రం ఆ మనిషి బాప్తిస్మానికి ముందు ఎవరో తర్వాతా వాళ్లే. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి చంపినప్పుడు ఎవరూ మతం అడగలేదు. ప్రాణాలు దక్కించుకుని తెనాలి చేరినవాళ్లు తలదాచుకున్నది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆవరణలో. అలా ఊరు విడిచి, పొలం పనులు తగ్గి, పెళ్లిళ్లై పట్నం చేరినవాళ్లు ఒక్కో పేటలో ఒక్కో ఇంట్లో కూడుకోవడం మొదలుపెట్టారు. ముందు ఇంటి కూడిక, తర్వాత అద్దె గది, తర్వాత రేకుల షెడ్డు. వెనక విదేశీ బోర్డు లేదు, ఆసుపత్రి లేదు. పాస్టర్ కూడా పగలు తాపీ పనికో ఆటోకో వెళ్లేవాడే. ఉపవాస ప్రార్థనలో తాగుడు మాన్పించమని ఏడ్చే భార్యలు, చిట్టీ డబ్బు పోయినవాళ్లు, జ్వరం తగ్గిందని సాక్ష్యం చెప్పేవాళ్లు. నూనె రాసి పంపడంతో సరిపెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పని పాస్టర్లూ ఉన్నారు, కూగ్లర్ ఊళ్లోనే.

2020లో కోవిడ్ సమయంలో ప్రభుత్వం పూజారులకు, ఇమామ్‌లకు, పాస్టర్లకు 5,000 రూపాయల చొప్పున సాయం చేసింది. తీసుకున్న పాస్టర్లలో చాలామంది దగ్గర హిందూ కుల సర్టిఫికెట్లు ఉన్నాయని వెంటనే ఫిర్యాదులు వెళ్లాయి. పేరు రాయించుకుంటే డబ్బు, డబ్బు తీసుకుంటే పేరు బయటపడుతుంది. 2022లో కేంద్రం ఈ ఎస్సీ హోదా ప్రశ్న మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి కేజీ బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. కవరులో కాగితాల వరస మాత్రం ఏమీ మారలేదు.

ఈసారి జనగణనలో కులం కూడా అడుగుతారు. లెక్కలవాళ్లు ఇంటికొస్తే ఏం చెబుతావని ఆవిడను అడిగాను. కవరు మడిచి చంకలో పెట్టుకుని, "ఎవరొస్తారో చూసి చెప్తాలే బ్రదర్" అని తొడిమల షెడ్డుకు బయల్దేరింది.