ఆరడుగుల బాల్కనీ నుంచి జావా దాకా

లోతు ఆరడుగులకు తగ్గిన బాల్కనీని మనుషులు పెద్దగా వాడుకోరు. బర్కిలీలో ఆర్కిటెక్చర్ బోధించిన క్రిస్టఫర్ అలెగ్జాండర్, తన సహచరులతో కలిసి 1977లో వెలువరించిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ పుస్తకంలోని మాట ఇది. చిన్న బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని కాళ్లు చాపుకోవాలంటే ఆ మాత్రం జాగా కావాలి. మన అపార్ట్‌మెంట్లలో మూడడుగుల బాల్కనీలు బట్టలారేసే తీగలకే సరిపోవడం చూస్తూనే ఉన్నాం కదా! ఆ పుస్తకంలో ఇలాంటి ప్యాటర్న్‌లు, అంటే పదేపదే ఎదురయ్యే ఇబ్బందులకు పనికొచ్చే పరిష్కారాలు, 253 ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పేరు ఉంటుంది. ముందు ఇబ్బంది ఏమిటో చెబుతారు, ఆ తర్వాతే పరిష్కారం.

ఈ వరస ప్రోగ్రామర్లకు బాగా పట్టింది. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1987లో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం ఐదు ప్యాటర్న్‌లు రాసి ఒక సదస్సులో వినిపించారు. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ 23 ప్యాటర్న్‌లతో ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం తెచ్చారు. ఆ నలుగురూ వాటిని కొత్తగా కనిపెట్టలేదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముల్లో పదేపదే ఎదురైనవాటిని ఏరి, పేర్లు పెట్టారు. పేరు పెట్టడమే వాళ్లు చేసిన అతి పెద్ద మేలని నా నమ్మకం. ‘ఇక్కడ డెకరేటర్ పెడదాం’ అంటే ఈరోజు అరగంట చర్చ తప్పుతుంది.

ఆ డెకరేటర్‌నే చూద్దాం. ఉన్న ఆబ్జెక్ట్‌పై పొరలుగా కొత్త పనులు జోడించే ప్యాటర్న్ అది. ఆబ్జెక్ట్ అంటే కొంత సమాచారాన్ని, దానితో చేయగల పనులను కలిపి కట్టిన మూట. క్లాస్ ఆ మూటకు అచ్చు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైలు చదవడానికి ఒక క్లాస్ ఉంది. దానితో బైటు తర్వాత బైటు చదివితే, ఒక్కో బైటు కోసం ఆపరేటింగ్ సిస్టమ్ గడప తొక్కాలి. అందుకని ఒకేసారి కొంత తెచ్చి దగ్గర పెట్టుకునే బఫర్ కావాలి. ఫైలు కుదించి ఉంటే విప్పాలి. రహస్య లిపిలో ఉంటే దాన్నీ ఛేదించాలి. ప్రతి కలయికకూ ఒక క్లాస్ రాస్తూ పోతే మూడు సదుపాయాలకు 8 క్లాసులు, ఐదింటికి 32. ఫైలుతో పాటు నెట్‌వర్క్ నుంచి కూడా చదవాలంటే 64!

జావాతో పాటు వచ్చే తయారు క్లాసుల లైబ్రరీ ఈ చిక్కును పొరలతో విప్పింది. ఒక్కో సదుపాయానికి ఒకే క్లాస్. అది ఇంకో స్ట్రీమ్‌ను (బైట్లను వరసగా అందించే ఆబ్జెక్ట్‌ను) కడుపులో దాచుకుంటుంది, బయటికి మాత్రం తానూ స్ట్రీమ్‌లాగే కనిపిస్తుంది. ‘చదువు’ అని పై పొరను అడిగితే అది లోపలి పొరను అడుగుతుంది, వచ్చినదానికి తన పని జోడించి ఇస్తుంది. ఎన్ని పొరలున్నాయో వాడుకునేవాళ్లకు తెలియనక్కర్లేదు. ఐదు సదుపాయాలకు ఐదే క్లాసులు.

పేర్చే క్రమం మాత్రం మనమే ఆలోచించాలి. రాసేటప్పుడు ముందు కుదించి, తర్వాత రహస్య లిపిలోకి మార్చాలి. తిరగేస్తే కుదింపు దాదాపు జరగదు. సమాచారంలో మళ్లీ మళ్లీ వచ్చే వరసల వల్లే కుదింపు సాధ్యమవుతుంది, రహస్య లిపి మొదట చెరిపేసేది ఆ వరసలనే. ప్రోగ్రాం ఏ తప్పూ చూపకుండా నడుస్తుంది, ఫైలు మాత్రం చిన్నదవదు. ఇలాంటి పొరపాటు పట్టుకోవడానికి ప్యాటర్న్ పేరు తెలిస్తే చాలదు.

అబ్జర్వర్ అనే ప్యాటర్న్ కథ వేరు. ఒకచోట మార్పు జరిగితే, ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్లందరికీ కబురు వెళ్లడం దాని పద్ధతి. జావా మొదటి వెర్షన్‌లోనే దీనికి ఒక తయారు క్లాస్ ఇచ్చారు. కానీ దాన్ని వాడాలంటే తల్లి క్లాస్‌గా, అంటే తన గుణాలను మన క్లాస్‌కు అందించేదిగా, పెట్టుకోవాలి. జావాలో ఒక క్లాస్‌కు తల్లి క్లాస్ ఒక్కటే ఉండాలి. ఇప్పటికే వేరే తల్లి ఉన్న క్లాస్ దీన్ని వాడుకోలేకపోయింది. కబుర్లు ఏ క్రమంలో అందుతాయో హామీ కూడా లేదు. చివరికి 2017లో, జావా 9తో, దాన్ని ఇక వాడొద్దన్నారు. ఆలోచన మాత్రం నేటికీ ప్రతి మొబైల్ యాప్‌లో బతికే ఉంది.

కొన్ని ప్యాటర్న్‌లు భాషలోని లోటును పూడ్చేవి. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ 1996లోనే ఈ మాట లెక్కతో చెప్పాడు: ఆ 23లో 16, లిస్ప్, డిలన్ వంటి భాషల్లో చాలా తేలికైపోతాయి లేదా కనిపించకుండానే పోతాయి. స్ట్రాటజీనే తీసుకోండి. జాబితాను పేరు ప్రకారం పేర్చాలా, వయసు ప్రకారమా అన్న నిర్ణయాన్ని విడి ఆబ్జెక్ట్‌గా అందించడమే అది. జావాలో దీనికి ఒకప్పుడు ఆరేడు పంక్తులు పట్టేవి. 2014లో లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక ఒక్క పంక్తి. ప్యాటర్న్ భాషలో కరిగిపోయింది.

ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగేది మాత్రం సింగిల్టన్: ఒక క్లాస్‌కు ఒకే ఆబ్జెక్ట్, ఎక్కడినుంచైనా అందుబాటులో. రాయడం సులువు కాబట్టి అందరూ ముందు దీన్నే నేర్చుకుంటారు. ఒంటరిగా నడిపితే నెగ్గి, అన్నింటితో కలిపి నడిపితే ఓడిపోయే టెస్టులతో (ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములతో) నేను రాత్రులు గడిపాను. ఒక టెస్టు సింగిల్టన్‌లో మార్చి వదిలేసిన విలువ తర్వాతి టెస్టుకు తగులుతుంది. ఎరిక్ గామాయే 2009లో ఒక ఇంటర్వ్యూలో, సింగిల్టన్‌ను జాబితా నుంచి తీసేయాలన్నదే తన అభిప్రాయమని చెప్పాడు. ఇప్పుడు నేను ఆ ఒక్క ఆబ్జెక్ట్‌ను ప్రోగ్రాం మొదట్లోనే తయారుచేసి, అవసరమైన క్లాసులకు కన్‌స్ట్రక్టర్ (క్లాస్ నుంచి ఆబ్జెక్ట్‌ను తయారుచేసే భాగం) ద్వారా చేతికిస్తాను. ఆబ్జెక్ట్ ఇప్పటికీ ఒక్కటే, కాకపోతే దాన్ని ఎవరెవరు ముట్టుకుంటున్నారో ఆ కన్‌స్ట్రక్టర్లలోనే కనబడుతుంది.