బోల్టులు పడితే బ్రేకు కుదిరినట్టేనా? పాత స్పోర్ట్స్ కార్ల కాలిపర్ల మార్పిడిపై అపోహలు - వాస్తవాలు

పాత స్పోర్ట్స్ కార్ల బ్రేకుల పని చేసేవాళ్లను యజమానులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఫలానా మోడల్ కాలిపర్ నా కారుకు పడుతుందా?" (కాలిపర్ అంటే పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు నొక్కి చక్రాన్ని ఆపే భాగం.) చాలాసార్లు పడుతుంది. 1960, 1970 దశకాల్లో ఒకే బ్రేకుల కంపెనీ ఎన్నో కార్ల తయారీదారులకు కాలిపర్లు సరఫరా చేసేది కాబట్టి, సంబంధం లేని రెండు కార్ల మధ్య కూడా బోల్టు రంధ్రాల దూరం సరిగ్గా కలిసే సందర్భాలు కనిపిస్తాయి. అయితే కాలిపర్ ఒంటరిగా పనిచేసే భాగం కాదు. పెడల్, దాన్ని తొక్కినప్పుడు ద్రవంలో పీడనం పుట్టించే మాస్టర్ సిలిండర్, గొట్టాలు, పిస్టన్లు, ప్యాడ్లు, డిస్కులు, చివరికి టైర్లు, ఇవన్నీ ఒక లెక్క ప్రకారం కుదిర్చిన వ్యవస్థలో అది ఒక భాగం మాత్రమే. ఆ లెక్క చూడకుండా చేసిన మార్పిడి కారును ముందుకన్నా ప్రమాదకరంగా మార్చగలదు. అందుకే ఈ విషయంలో తరచుగా వినిపించే మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరమనిపించింది.

అపోహ: పిస్టన్లు ఎన్ని ఎక్కువ ఉంటే బ్రేకు అంత గట్టిగా పడుతుంది.

వాస్తవం: డిస్కును నొక్కే బలం పిస్టన్ల సంఖ్యను బట్టి రాదు, ద్రవ పీడనాన్ని డిస్కుకు ఒక పక్కనున్న పిస్టన్ల మొత్తం వైశాల్యంతో గుణిస్తే వస్తుంది. పక్కకొకటి చొప్పున 48 మి.మీ. పిస్టన్లు రెండు ఉన్న కాలిపర్‌ను తీసుకుందాం. ఒక పక్క వైశాల్యం దాదాపు 1,810 చదరపు మి.మీ. ఇప్పుడు పక్కకు రెండు చొప్పున 34 మి.మీ. పిస్టన్లు నాలుగు ఉన్న కాలిపర్ లెక్క చూడండి: సుమారు 1,816 చదరపు మి.మీ. రెండింటికీ తేడా లేనట్టే. నాలుగు పిస్టన్లు చూసి డబ్బు పెట్టిన యజమానికి అదే పెడల్ ఒత్తిడికి అదే బ్రేకు వస్తుంది. ఒకే పిస్టన్ ఉండి, శరీరం మొత్తం జరుగుతూ రెండో ప్యాడ్‌ను లాగే కాలిపర్ కూడా, అంతే వ్యాసమున్న రెండు పిస్టన్ల స్థిర కాలిపర్‌తో సమానమైన బలాన్నే ఇస్తుంది.

నాలుగు పిస్టన్ల వల్ల ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. పొడవైన ప్యాడ్‌ను అంతటా సమంగా నొక్కడానికి అవి ఉపయోగపడతాయి. కాకపోతే అది ప్యాడ్ అరుగుదలకు సంబంధించిన లాభం, ఆగే బలానికి సంబంధించినది కాదు.

అపోహ: పెద్ద ప్యాడ్ ఉన్న కాలిపర్ ఎక్కువ పట్టు ఇస్తుంది.

వాస్తవం: అదే బలంతో నొక్కినప్పుడు ప్యాడ్ వైశాల్యం పెరిగితే ప్రతి చదరపు మి.మీ. మీద ఒత్తిడి తగ్గుతుంది, మొత్తం ఘర్షణ మాత్రం దాదాపు మారదు. దీనికి చక్కని ఉదాహరణ పోర్షే 911లో ఉంది. ఇనుప ఎం-కాలిపర్‌కూ, 1969 మోడల్ 911 ఎస్‌తో వచ్చిన అల్యూమినియం ఎస్-కాలిపర్‌కూ ముందు పిస్టన్ల వ్యాసం ఒకటే, 48 మి.మీ. ఎస్-కాలిపర్ తేలిక, దాని ప్యాడ్ పెద్దది. కాబట్టి వేడి ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది, ప్యాడ్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఇవి నిజమైన లాభాలే. కానీ ఎస్-కాలిపర్ పేరు విని ఎక్కువ బ్రేకు ఆశించేవారికి అది దొరకదు. పైగా ఎం-కాలిపర్ బోల్టుల మధ్య దూరం 3 అంగుళాలు, ఎస్-కాలిపర్‌ది 3.5 అంగుళాలు కాబట్టి కాలిపర్ బిగుసుకునే సస్పెన్షన్ భాగమైన స్ట్రట్ కూడా మార్చవలసి వస్తుంది.

అపోహ: పెద్ద కాలిపర్ వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

వాస్తవం: ఉన్న బ్రేకులతోనే చక్రాలు లాక్ అయ్యే, అంటే తిరగడం ఆగి జారే స్థితికి వస్తున్నాయంటే, ఆగే దూరాన్ని ఇక నిర్ణయించేది టైరు పట్టు. అక్కడ కాలిపర్ చేయగలిగేది ఏమీ లేదు. కొండ దారుల్లో పదే పదే బ్రేకు వేసినప్పుడు పట్టు సడలడం వేరే సమస్య. అది వేడి సమస్య. వెయ్యి కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఆగితే సుమారు 386 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారు 140 కి.మీ. వేగం నుంచి ఆగితే దాదాపు రెట్టింపు. ఆ వేడిలో అధికభాగం దాచుకోవలసింది డిస్కు. లోపల గాలి దారులు లేని పలుచని డిస్కును అలాగే ఉంచి దాని మీద పెద్ద కాలిపర్ బిగిస్తే, ఆ డిస్కు వేడిని భరించే శక్తి ఒక్క పిసరు కూడా పెరగదు. నా దగ్గరకు ఈ ఫిర్యాదుతో వచ్చేవారికి మొదట మంచి ప్యాడ్లు, తాజా బ్రేకు ద్రవం, ఆ తర్వాత గాలి దారులున్న డిస్కు సంగతి చెబుతాను. కాలిపర్ మాట చివర్లో వస్తుంది.

అపోహ: ముందు కాలిపర్లు మార్చి, పెడల్ లోతుకు పోతే పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ కార్లు చెడేది ఈ నమ్మకం వల్లే, కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. నాలుగు సిలిండర్ల పోర్షే 914కు ముందు కాలిపర్ పిస్టన్లు 42 మి.మీ., వెనుకవి 33 మి.మీ. ఈ కారుకు బీఎండబ్ల్యూ 320ఐ ముందు కాలిపర్లు బిగించడం చాలా కాలంగా వాడుకలో ఉన్న మార్పిడి. వాటి పిస్టన్లు 48 మి.మీ. దీంతో ముందు పిస్టన్ వైశాల్యం దాదాపు 31 శాతం పెరుగుతుంది. పెద్ద పిస్టన్‌ను అంతే దూరం జరపడానికి అంత ఎక్కువ ద్రవం కావాలి కాబట్టి పెడల్ లోతుకు దిగుతుంది. అప్పుడు 17 మి.మీ.గా పిలిచే అసలు మాస్టర్ సిలిండర్ తీసి 19 మి.మీ.ది వేస్తారు. పెడల్ గట్టిపడుతుంది, యజమాని తృప్తి పడతాడు. కాలికి తగిలే ఆ గట్టిదనమే మోసం చేసేది.

పెద్ద మాస్టర్ సిలిండర్‌తో అదే కాలి ఒత్తిడికి వ్యవస్థ మొత్తంలో పీడనం తగ్గుతుంది. ముందు పిస్టన్లు పెరిగాయి కాబట్టి అక్కడి లోటు పూడి, ఇంకా కొంచెం మిగులుతుంది. వెనుక పిస్టన్లు మాత్రం పాతవే కాబట్టి అక్కడ బ్రేకు బలం దాదాపు ఆరో వంతు తగ్గిపోతుంది. అంటే ఖర్చు పెట్టి ముందు బ్రేకులకు కొద్దిపాటి బలం కొనుక్కుని, వెనుక బ్రేకుల బలం పోగొట్టుకున్నట్టయింది. ఇంజిన్ మధ్యలో ఉండి వెనుక చక్రాల మీద మంచి బరువు పడే కారులో వెనుక బ్రేకులు చేయవలసిన పని తక్కువేమీ కాదు.

తయారీదారు ఏం చేశాడో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 914లో ముందు వెనుక పిస్టన్ వైశాల్యాల నిష్పత్తి దాదాపు 1.6. ఆరు సిలిండర్ల 914-6కు ముందు 48 మి.మీ. పిస్టన్లు ఇచ్చినప్పుడు వెనుక కూడా 38 మి.మీ.కు పెంచారు, అక్కడా నిష్పత్తి దాదాపు 1.6. ఇంజిన్ మారినా, పిస్టన్లు పెరిగినా నిష్పత్తి కదలలేదు. ముందు కాలిపర్ల మార్పిడి ఒక్కటే చేస్తే అది 2.1కు చేరుతుంది. ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, వెనుక టైర్ల పట్టు వాడుకోకుండానే మిగిలిపోతుంది, ఆగే దూరం పెరిగే అవకాశం కూడా ఉంటుంది. మార్చదలచుకుంటే ముందు వెనుకలు కలిపి మార్చాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

అపోహ: వెనుక బ్రేకుల పీడన నియంత్రకాన్ని తీసేసి దాని చోట టీ-కలుపు (గొట్టాలను నేరుగా కలిపే టీ ఆకారపు జాయింటు) వేస్తే సమతుల్యం తిరిగి వస్తుంది.

వాస్తవం: కాగితం మీద ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ ఆ నియంత్రకం మామూలు బ్రేకింగ్‌లో దాదాపు జోక్యం చేసుకోదు. పీడనం ఒక స్థాయి దాటాక వెనక్కి వెళ్లే పెరుగుదలను తగ్గిస్తుంది. దాన్ని తీసేస్తే రోజువారీ బ్రేకింగ్‌లో మార్పు తెలియదు, గట్టిగా తొక్కి కారు బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికపడిన క్షణంలోనే తేడా బయటపడుతుంది. అప్పుడు వెనుక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు తిరిగిపోతుంది. నియంత్రకం పాడైతే బాగు చేయించాలి.

అపోహ: కుడి కాలిపర్, ఎడమ కాలిపర్ ఒకదానికొకటి వాడుకోవచ్చు.

వాస్తవం: చాలా కాలిపర్లు రెండు పక్కలా బిగుసుకుంటాయి, కానీ పక్క మారిస్తే గాలి తీసే స్క్రూ కిందికి పోతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి, ఎంత సేపు పెడల్ తొక్కించినా గొట్టంలోంచి బుడగ లేని శుభ్రమైన ద్రవమే వస్తుంది, పెడల్ మాత్రం మెత్తగానే ఉంటుంది. మాస్టర్ సిలిండర్‌ను అనుమానించి మార్చేముందు స్క్రూ ఎటువైపు ఉందో చూడాలి. రెండు సైజుల పిస్టన్లున్న కాలిపర్లలో చిన్న పిస్టన్ ఉండేది డిస్కు ప్యాడ్‌లోకి ప్రవేశించే కొస వైపు. పక్కలు మారితే ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది.

అపోహ: గొట్టం మర చేత్తో తిరిగితే సరైనదే.

వాస్తవం: బ్రిటిష్ కార్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. గర్లింగ్ 16పీ కాలిపర్‌లో అంగుళాల మర, 16పీబీలో మెట్రిక్ మర. చూపుకు రెండూ ఒకటే. అంగుళంలో 3/8 వంతు ఉండి అంగుళానికి 24 చుట్లున్న మర వ్యాసం 9.525 మి.మీ., దాని చుట్ల మధ్య దూరం 1.058 మి.మీ. మెట్రిక్ మరకు అవి 10 మి.మీ., 1 మి.మీ. అంగుళాల గొట్టం మెట్రిక్ రంధ్రంలో సులువుగా ఎక్కుతుంది, వేళ్లకు కొంచెం వదులుగా ఊగుతున్నట్టు తెలుస్తుంది, స్పానర్‌తో బిగిస్తే ఒక్కసారి పట్టినట్టే పట్టి మర తెగుతుంది. తెగకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది రోడ్డు మీద తెగవచ్చు. మర కొలిచే గేజ్ వాడకుండా గొట్టం బిగించకూడదు. గొట్టం కొస ఆకారం, కాలిపర్ లోపలి కూర్చునే భాగం కూడా జత కలవాలి.

అపోహ: బ్రేకు ద్రవం ఏదైనా సీళ్లకు (ద్రవం కారకుండా ఆపే రబ్బరు వలయాలకు) ఒకటే.

వాస్తవం: మసెరాటి బోరా, తొలి మెరాక్ కార్ల బ్రేకులు సిట్రోయెన్ ఖనిజ నూనె వ్యవస్థతో నడుస్తాయి. మామూలు డాట్ 4 ద్రవానికి చేసిన సీళ్లు ఆ నూనెలో ఉబ్బి చెడతాయి, ఆ నూనెకు చేసిన సీళ్లు డాట్ ద్రవానికి పనికిరావు. అలాంటి కారు కాలిపర్‌ను మరో కారుకు బిగించాలంటే సీళ్లు పూర్తిగా మార్చాలి, లోపలి నూనె ఆనవాలు లేకుండా కడగాలి.

మార్పిడి అయ్యాక పరీక్షించకుండా కారును రోడ్డెక్కించకూడదు. ముందుగా స్టీరింగ్ రెండు కొసలకూ తిప్పి, సస్పెన్షన్ కిందికీ పైకీ కదిలించి, గొట్టం ఎక్కడా సాగడం గానీ చక్రానికి రాసుకోవడం గానీ లేదని చూడాలి. చక్రం ఆకులకూ కాలిపర్‌కూ మధ్య జాగా కొలవాలి. ఆ తర్వాత కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు పడనిచ్చి, వాహనాలు రాని ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో మొదలుపెట్టి అంచెలంచెలుగా గట్టిగా బ్రేకు వేస్తుంటే, దూరంగా నిలబడ్డ మరో మనిషి ఏ చక్రం ముందు లాక్ అవుతోందో గమనించాలి. ముందు చక్రాలు కాస్త ముందుగా లాక్ అవ్వాలి, కుడి ఎడమలు కలిసి లాక్ అవ్వాలి. తడి నేల మీద కూడా ఇదే పరీక్ష చేయాలి. వెనుక చక్రాలు ముందు లాక్ అయితే, విప్పి దాచి ఉంచిన పాత కాలిపర్లను తిరిగి బిగించి, లెక్క మొదటి నుంచి వేసుకోవాలి.