ముక్కలైన అడవుల్లో సింహపు తోక కోతులు: అపోహలు – వాస్తవాలు

సింహపు తోక కోతులు పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా నివసించవు. అడవుల్లో మిగిలినవి సుమారు 4,000 అని అంచనా. తమిళనాడులోని ఆనమలై కొండల్లో, తేయాకు తోటల నడుమ ముక్కలుగా మిగిలిన వర్షారణ్యాల్లో బతుకుతున్న మందల గురించి పర్యాటకులే కాక వన్యప్రాణి ప్రేమికులు కూడా తరచూ అనే కొన్ని మాటలను సరిచేయాలని, ఈ కోతుల ఆవాసాలపై పనిచేస్తున్న వ్యక్తిగా భావిస్తున్నాను.

అపోహ: చెట్ల మీద బతికే జంతువు గనుక, చెట్లున్న చోటల్లా బతుకుతుంది.

వాస్తవం: ఈ కొండల్లోని వాల్పారై పట్టణం చుట్టూ కళ్లకు ఇంపుగా కనిపించే పచ్చదనంలో చాలా భాగం ఈ కోతుల కడుపు నింపదు. తేయాకు పొదల మధ్య నిలిచే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. దాని మీద వీటికి తినే పండు దొరకదు. చెక్కుచెదరని అడవిలో ఈ మందలు తిండికి ఎక్కువగా ఆధారపడేది కుల్లేనియా చెట్టు మీద. అది పూసినప్పుడు పూలను, కాసినప్పుడు గింజలను తింటాయి. ఒళ్లంతా ముళ్లున్న ఆ కాయను చేతులతో ఒడిసిపట్టి, పళ్లతో చీల్చి, లోపలి గింజలను ఒక్కొక్కటిగా బయటకు లాగుతాయి. అది లేని నెలల్లో అత్తి జాతి పండ్లు, బెరడు కింద దాగిన పురుగులు కావాలి. అందువల్ల ఎన్ని చెట్లున్నాయన్న లెక్క కంటే, ఏడాది పొడవునా ఏదో ఒకటి కాస్తూ ఉండేలా ఎన్ని రకాల చెట్లున్నాయన్నదే ముఖ్యం. ఈ విషయంలో తేయాకు తోటల కంటే కాఫీ తోటలు ఎంతో మేలు. అక్కడ నీడ కోసం పెంచిన పనస, ఆఫ్రికా నుంచి తెచ్చిన మేసాప్సిస్ చెట్ల పండ్లను కోతులు తింటాయి.

అపోహ: నేల మీద తిరుగుతున్నాయంటే కొత్త పరిస్థితులకు అలవాటు పడ్డాయని అర్థం.

వాస్తవం: దట్టమైన అడవిలో ఇవి నేలకు దిగడం అరుదు, కొమ్మకు కొమ్మ అందని చోట గత్యంతరం లేక దిగుతాయి. పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లి రోడ్డు అంచున ఆగి, బస్సు వెళ్లాక ఒక్క పరుగున దాటితే చూసినవారు దాని తెలివిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మంద రోజూ ఎదుర్కొనే ప్రమాదమే అందులో కనిపిస్తుంది. కారు ఆపి బిస్కెట్లు విసిరేవారు ఆ ప్రమాదాన్ని మరింత పెంచుతున్నారు.

అపోహ: సంఖ్య పెరిగిందంటే ఆ అడవి ముక్క వాటికి సరిపోతున్నట్లే.

వాస్తవం: అన్నిటికంటే మోసపుచ్చే నమ్మకం ఇదే. వాల్పారై పట్టణాన్ని ఆనుకుని ఉన్న పుదుతోట్టం అడవి ముక్క విస్తీర్ణం దాదాపు 92 హెక్టార్లు, అంటే చదరపు కిలోమీటరు కూడా లేదు. పెద్ద అడవిలో ఒక్క మందే అంతకంటే ఎక్కువ మేర తిరుగుతుంది. అలాంటి చోట వందకు పైగా కోతులు పలు మందలుగా ఉంటున్నాయి, తిండి కోసం ఇళ్ల దాకా వస్తున్నాయి. ఈ జాతిలో ఆడవి పుట్టిన మందలోనే ఉండిపోగా, మగవి ఎదిగాక మరో మందను వెతుక్కుంటూ వెళతాయి. చుట్టూ తేయాకు తోటలు, రోడ్లు ఉన్నచోట ఆ రాకపోకలు కష్టమై, తరం తర్వాత తరం దగ్గరి రక్తసంబంధంలోనే పిల్లలు పుట్టే పరిస్థితి వస్తుంది. పైగా ఆడకోతి కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, కాన్పుల మధ్య ఏళ్ల ఎడం ఉంటుంది. కిక్కిరిసిన చోట ఒక అంటురోగం ప్రబలితే జరిగిన నష్టం త్వరగా పూడదు.

అపోహ: రోడ్డు మీద వంతెన కడితే సమస్య తీరుతుంది.

వాస్తవం: పుదుతోట్టం వద్ద చెట్టు నుంచి చెట్టుకు కట్టిన వంతెనలను ఈ కోతులు వాడుకుంటున్నాయి, అది నిజంగా సంతోషించవలసిన విషయం. అయితే అస్సాంలోని హొల్లొంగాపార్ గిబ్బన్ అభయారణ్యాన్ని చీల్చుతున్న రైలు మార్గంపై 2015లో ఏర్పాటు చేసిన ఇనుప వంతెనను, చేతులతో వేలాడుతూ సాగే తోకలేని వానరాలైన హూలాక్ గిబ్బన్లు పట్టించుకోలేదు. వంతెన ఆ జంతువు కదలికకు తగినట్లు ఉండాలి. ఉన్నా, అది దారి చూపుతుందే తప్ప తిండి పెట్టదు. వాల్పారైలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ 2000 దశకం ఆరంభం నుంచి తోటల యాజమాన్యాలతో కలిసి స్థానిక జాతుల మొక్కలను పెంచి, చెడిపోయిన అడవి ముక్కల్లో నాటుతోంది. ఆ మొక్కలు కాయ కాసే మానులుగా ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈలోగా కాఫీ తోటల్లో ఇప్పటికే ఉన్న పనస, అత్తి చెట్లను కొట్టి సిల్వర్ ఓక్ వేయకుండా యజమానులను ఒప్పించడమే ముందుగా జరగవలసిన పని.