గీతకు లోపల పాలమూరు, గీత అంచున అలంపూర్

తెలంగాణ పటం మీద శంషాబాద్ దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి 150 కిలోమీటర్ల వలయం గీయండి. మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల అన్నీ లోపలే పడతాయి. అలంపూర్ ఒక్కటీ నాలుగైదు కిలోమీటర్ల తేడాతో బయట ఉంటుంది. పాలమూరుకు విమానాశ్రయం కావాలన్న మాట వచ్చినప్పుడల్లా ఈ గీతే అడ్డం తగులుతోంది.

గీత పుట్టింది 2004 డిసెంబరులో. శంషాబాద్ విమానాశ్రయం కోసం కేంద్ర ప్రభుత్వం, జీఎంఆర్ ఆధ్వర్యంలోని సంస్థ కుదుర్చుకున్న ఒప్పందంలో ఈ షరతు ఉంది. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి పాతికేళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపు పోటీ విమానాశ్రయం రాకూడదు. 2008 మార్చిలో తెరిచారు కాబట్టి గడువు 2033. ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, పక్షి ఎగిరినట్టు నేరుగా కొలిచేది. మహబూబ్‌నగర్ అలా 75 కిలోమీటర్లు కూడా లేదు.

కొత్త విమానాశ్రయాలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన ఆరు చోట్లలో పాలమూరులోని దేవరకద్ర ప్రాంతం కూడా ఉంది. కదిలింది మాత్రం వరంగల్ మామునూరు. అదీ నేరుగా 145 కిలోమీటర్లే, అంటే గీత లోపలే. కానీ అక్కడ నిజాం కాలపు రన్‌వే ఉంది, జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పింది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. మనకు అలాంటి పాత రన్‌వే లేదు.

దేవరకద్రలో రన్‌వే ఉంటే, వరంగల్ వెళ్లేవాళ్లకు ఎంత సమయం మిగిలేది? దేవరకద్ర నుంచి మామునూరుకు నేరుగా సుమారు 235 కిలోమీటర్లు. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాగితం మీద అరగంట కూడా పట్టదు. అయితే రన్‌వే దాకా నడవాలి, పైకి ఎక్కాలి, వరుసలో దిగాలి. టైమ్‌టేబుల్‌లో ముప్పావు గంటకు తక్కువ వేయరు. గంటన్నర ముందు చేరడం, రెండు వైపులా ఊళ్లోకి ప్రయాణం కలిపితే మూడున్నర గంటలని నా అంచనా. కారులో అయిదు గంటలు. ఆ గంటన్నర కోసం రోజూ విమానం నిండేంత మంది వెళ్తారని నేను నమ్మలేను. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన 2016 నాటి ఉడాన్ పథకం కూడా తొలి నిబంధనల్లో, కొండ ప్రాంతాల వంటి చోట్లు తప్ప, 200 కిలోమీటర్ల లోపు విమాన మార్గాలను పక్కన పెట్టింది.

అసలు బాధ అలంపూర్‌ది. కర్నూలు అవతల ఓర్వకల్లు విమానాశ్రయం శంషాబాద్‌కు నేరుగా 170 కిలోమీటర్లు, గీతకు బయట. 2021 మార్చిలో బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలతో మొదలైంది. అలంపూర్ నుంచి నేరుగా కొలిస్తే ఇరవై కిలోమీటర్లు, మధ్యలో తుంగభద్ర. అయినా అలంపూర్ చౌరస్తాలో తెల్లవారుజామున మూడింటికి, సూట్‌కేసుకు తాడు కట్టుకుని హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డ పెద్దాయనను చూశాను. వెళ్లేది చెన్నైకి, కూతురి దగ్గరకు. దక్షిణానికి ఎగరవలసిన మనిషి ముందు మూడు గంటలు ఉత్తరానికి వెళ్తున్నాడు. దేవరకద్ర రన్‌వే కోసం 2033 దాకా ఆగాలేమో. గద్వాల, అలంపూర్ మీదుగా ఓర్వకల్లుకు విమానాల వేళకు అందేలా ఒక బస్సు వేయడానికి మాత్రం ఏ ఒప్పందమూ అడ్డు లేదు.