లైవ్ టీకాలకు గ్యాప్ ఎంత? అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండు సూదులు ఒకే రోజు వేస్తే బిడ్డ తట్టుకోలేదు

“ఈరోజు ఒక్క సూదే వేయండి డాక్టరమ్మా, రెండోది వచ్చే వారం వేయిద్దాం. చిన్న పిల్ల కదా.” ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా), ఆటలమ్మ టీకాలు రెండూ వేయాల్సిన రోజున ఈ మాట తప్పకుండా వింటాను. బిడ్డ మీద జాలితో అన్నదే. కానీ ఈ రెండు టీకాల విషయంలో అన్నిటికన్నా చెడ్డ ముహూర్తం ఆ ‘వచ్చే వారమే’.

ఇవి లైవ్ టీకాలు. బలం తగ్గించిన వైరస్ ఒంట్లో కొద్దిగా పెరిగితేనే రక్షణ వస్తుంది. మొదటి టీకా పడ్డాక శరీరం ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలను వదులుతుంది. వాటికి ఈ వైరస్, ఆ వైరస్ అన్న తేడా లేదు, దేన్నీ పెరగనివ్వవు. ఆ రోజుల్లో రెండో లైవ్ టీకా వేస్తే అందులోని వైరస్‌నూ అణిచేస్తాయి. ఒకే రోజు వేస్తే ఆ అడ్డు లేవకముందే రెండూ పని మొదలుపెడతాయి. అందుకే ఒకే రోజు వేర్వేరు చోట్ల వేస్తాం, కుదరకపోతే కనీసం 28 రోజులు ఆగుతాం. అమెరికాలో పరిశీలించినప్పుడు, ఎంఎంఆర్ వేసిన 30 రోజుల లోపు ఆటలమ్మ టీకా పడ్డ పిల్లలకు, టీకా వేయించుకున్నా ఆటలమ్మ వచ్చే ముప్పు సుమారు 2.5 రెట్లు ఉన్నట్టు తేలింది.

ఒక మినహాయింపు ఉంది. ఎల్లో ఫీవర్ టీకా, ఎంఎంఆర్ ఒకే రోజు వేస్తే స్పందన కాస్త తగ్గొచ్చని కొన్ని దేశాల్లో వాటిని విడివిడిగా వేస్తారు.

అపోహ: గ్యాప్ తప్పితే రెండూ వృథా, మళ్ళీ మొదటికి రావాలి

రెండోది ఒక్కటే లెక్కలోకి రాదు. అది వేసిన రోజు నుంచి 28 రోజులు ఆగి, దాన్నే మళ్ళీ వేస్తాం. “మూడు రోజులే కదా తక్కువైంది, సర్దుకోలేమా?” అంటారు. ఒకే టీకా డోసుల మధ్య అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 4 రోజుల వెసులుబాటు ఇస్తుంది. రెండు వేర్వేరు లైవ్ టీకాల మధ్య మాత్రం అది చెల్లదు. ఇక ఆలస్యమైందని టెన్షన్ పడక్కర్లేదు. ఆర్నెల్లు లేటైనా పాత డోసు పాడవదు, ఆగినచోటు నుంచే కొనసాగిస్తాం.

అపోహ: ఏ రెండు టీకాల మధ్యైనా నెల ఆగాలి

లేదు. డీపీటీ, హెపటైటిస్ బి, ఫ్లూ సూది లాంటి నిర్జీవ టీకాలను లైవ్ టీకాకు ముందు, వెనక, ఎప్పుడైనా వేయొచ్చు. ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే మాత్రం లైవ్, దానికి 28 రోజుల నియమం వర్తిస్తుంది. నోట్లో వేసే రోటా (రోటావైరస్ విరేచనాల టీకా), పోలియో చుక్కలూ లైవే అయినా, సూదితో ఇచ్చే లైవ్ టీకాలతో వాటికి గ్యాప్ అక్కర్లేదు. లేని గ్యాప్ పాటిస్తే రోటా విషయంలో నష్టమే. మొదటి డోసుకు చాలా దేశాల్లో 15 వారాల వయసు దాటకూడదు.

అపోహ: జలుబుంటే టీకా వద్దు

మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం అడ్డు కాదు.

అపోహ: ఎంత ముందు వేస్తే అంత మంచిది

తట్టు టీకాకు ఇది కుదరదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటాయి. అవి టీకా వైరస్‌నూ అడ్డుకుంటాయి. అందుకే తట్టు ఎక్కువగా ఉన్నచోట 9 నెలలకు, తక్కువగా ఉన్నచోట 12 నెలలకు మొదలుపెడతారు. జబ్బు ప్రబలినప్పుడు 6 నెలలకే వేసినా ఆ డోసును లెక్కలో కలపరు.

అపోహ: రక్తం ఎక్కించినదానికీ టీకాకూ సంబంధం లేదు

నిజానికి ఇది ఎవరూ అడగని సంగతి. ఎక్కించిన రక్తంలోని దాత యాంటీబాడీలు కూడా తల్లి యాంటీబాడీల్లాగే టీకా వైరస్‌ను అడ్డుకుంటాయి. ఎర్ర రక్తకణాలు ఎక్కిస్తే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలకు 6 నెలలు, ప్లాస్మా లేదా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే 7 నెలలు ఆగాలి. కవాసాకి జబ్బుకు (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) పెద్ద మోతాదులో ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల యాంటీబాడీలతో చేసే మందు) ఇచ్చి ఉంటే 11 నెలలు. ఈ వివరం టీకా కార్డులో ఉండదు. బిడ్డ ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి ఉంటే ఆ డిశ్చార్జ్ కాగితం కూడా కార్డుతో పాటు తెచ్చి చూపించండి.