షాంపేన్-అర్బానాలో అద్దె ఇల్లు: వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ యూనివర్సిటీ ఊళ్ళో నేను లీజింగ్ ఆఫీసులో పనిచేస్తా. ఏటా ఎంఎస్‌కి వచ్చే మన పిల్లలు వీసా స్టాంపింగ్ కాకముందే ఫోన్ చేస్తారు, సీనియర్లు చెప్పారంటూ ఏవేవో అడుగుతారు, చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: నా వాటా నేను కడితే చాలు.
వాస్తవం: ఎక్కువ కొంపలు ముంచేది ఇదే. నలుగురూ ఒకే లీజు మీద సంతకం పెడితే అది జాయింట్ లీజు, మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. నెలకి 2,000 డాలర్లు అనుకోండి, ఒకడు డిసెంబర్‌లో వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ తీసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు, మా సిస్టమ్‌లో 500 బాకీ అపార్ట్‌మెంట్ నంబర్ మీద పడుతుంది గానీ వాడి పేరు మీద కాదు. లేట్ ఫీజు కూడా అంతే. "మేం ముగ్గురం టైముకే కట్టాం కదక్కా" అంటారు, నిజమే, కానీ కాగితం అలా లేదు. బెడ్‌రూమ్ లెక్కన విడి లీజులిచ్చే కాంప్లెక్సులున్నాయి, అద్దె కాస్త ఎక్కువైనా, రూమ్మేట్ల మొహం కూడా చూడకుండా వచ్చేవాళ్ళకి నేనైతే అదే చెప్తా (మా దగ్గర అలాంటివి లేవు, మా మేనేజర్ ఇది చదవకూడదు).

అపోహ: అక్టోబర్‌కల్లా సంతకం పెట్టకపోతే వచ్చే ఆగస్టుకి ఇల్లు దొరకదు.
వాస్తవం: క్యాంపస్‌కి ఆనుకుని ఉన్నవి త్వరగా పోతాయి, అది నిజం. మిగతా హడావిడి చాలావరకు మా లీజింగ్ వాళ్ళు పెట్టేదే. ఏప్రిల్‌లో కూడా ఖాళీలుంటాయి, స్టూడెంట్లకి ఐకార్డ్ (యూనివర్సిటీ ఐడీ కార్డు) చూపిస్తే సిటీ బస్సు ఫ్రీ కాబట్టి కాస్త దూరమైనా ఇబ్బంది లేదు. సంతకానికి ముందు యూనివర్సిటీలోనే ఆఫ్-క్యాంపస్ హౌసింగ్ ఆఫీసుంది, లీజు చూపించండి, ఉచితంగా చదివి చెప్తారు.

అపోహ: డిపాజిట్ ఎలాగూ రాదు, ఆఖరి నెల అద్దె ఎగ్గొడితే సరి.
వాస్తవం: ఎగ్గొడితే అది బాకీ, బాకీలు వసూలు చేసే కలెక్షన్స్ వాళ్ళకి పోతే క్రెడిట్ స్కోరు పాడవుతుంది. 5 యూనిట్లు (ఇళ్ళు), అంతకన్నా ఎక్కువున్న బిల్డింగుల్లో, డ్యామేజీ పేరుతో కోస్తే ఖాళీ చేసిన 30 రోజుల్లో దేనికెంత అని లిస్టు పంపాలి, పంపకపోతే 45 రోజుల్లో మొత్తం తిరిగివ్వాలి, అది ఇల్లినాయ్ చట్టం. కానీ లిస్టులో తప్పుందని వాదించాలంటే మీ దగ్గర ఏదో ఒకటుండాలి కదా. చేరిన రోజే ఫోటోలు తీయండి: కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, ఓవెన్ లోపల, సింకు కింద చెమ్మ. తీసి ఆఫీసుకి ఈమెయిల్ చేయండి, తేదీ దానంతటదే ఉంటుంది. మనవాళ్ళ ఇళ్ళలో నేను చూసేవి రెండే: తెల్ల కౌంటర్ మీద పసుపు మరక, పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని స్మోక్ అలారానికి తొడిగిన షవర్ క్యాప్. మరకది డబ్బుతో పోతుంది గానీ ఆ క్యాప్ తీసేయండమ్మా, కిటికీ తెరిచి పోపేసుకోండి.

అపోహ: ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేకపోతే ఇల్లివ్వరు.
వాస్తవం: చాలామంది ఇస్తారు. పాస్‌పోర్ట్, ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాగితం) చూస్తారు, కొందరు ఎక్కువ డిపాజిట్ అడుగుతారు.

అపోహ: సబ్‌లీజుకి (మన లీజు ఉండగానే ఇంకొకడికి అద్దెకి) ఇచ్చేస్తే మన పని అయిపోయినట్టే.
వాస్తవం: కాదు, వాడు కట్టకపోతే మళ్ళీ మీకే ఫోన్. ఎండాకాలంలో ఊరంతా ఖాళీ అవుతుంది కాబట్టి మీరు కట్టే అద్దెలో సగానికైనా ఎవరన్నా వస్తే అదృష్టమే.

అపోహ: డిసెంబర్‌లో ఇండియా వెళ్తూ హీటర్ ఆపేస్తే కరెంటు మిగులుతుంది.
వాస్తవం: బయట సున్నా ఫారెన్‌హీట్‌కి పడితే గోడల్లో పైపులు గడ్డకట్టి పగులుతాయి, హీటర్‌ని 55 ఫారెన్‌హీట్ కన్నా కిందకి తగ్గించొద్దు. ఒకసారి ఇలాగే పైవాళ్ళు ఆపేసి వెళ్తే కిందింట్లో సీలింగ్ ఊడిపడింది. ఓనర్ ఇన్సూరెన్స్ బిల్డింగుకే, ఆ కిందింటబ్బాయికి రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ళు తమ సామానుకి తీసుకునేది) లేదు. నేను తలుపు తీసేసరికి అతని ల్యాప్‌టాప్, పరుపు, మూలనున్న సోనామసూరి బస్తా అన్నీ నీళ్ళలోనే ఉన్నాయి.